క్లచ్ పెడలు చెప్పే మాట వినండి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ సవరణలు, డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు - ఇవీ మన సమావేశాల్లో మామూలుగా వినిపించే మాటలు. ఈరోజు వాటి మధ్య ఒక యంత్రం సంగతి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లకు పైగా చేతులకు గ్రీజు పూసుకున్నవాణ్ణి కనుక కాదనలేకపోయాను. అయితే ఇది కూడా చివరికి పెన్షన్ సంగతే. పాత బండి షెడ్డుకు వెళ్లిందంటే ఆ నెల పెన్షన్‌లో ఎంత మిగులుతుందో మీకందరికీ తెలుసు.

మనలో చాలామంది ఇళ్ల ముందు ఇంకా పాత బండ్లు ఉన్నాయి. కొందరికి టయోటా క్వాలిస్, కొందరికి టాటా సుమో. క్వాలిస్ మన దేశంలో 2000లో వచ్చింది, 2005లో ఆగిపోయింది. సుమో 1994లో వచ్చింది, 2019 దాకా తయారైంది. గ్రాట్యుటీ సొమ్ముతో కొన్నవారున్నారు, పిల్లలు వదిలి వెళ్లినవి వాడుతున్నవారున్నారు. సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులవారికి ఎక్కి దిగడం సులువు. మనవలతో సహా ఇల్లంతా ఒకేసారి పడుతుంది. అందుకే వీటిని వదులుకోలేకపోతున్నాం. 15 ఏళ్లు నిండిన సొంత బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నడుపుతున్నాం.

ఈ రెండు బండ్లలోనూ క్లచ్ పనిచేసేది ఆయిల్ ఒత్తిడితో. మారుతీ 800లో లాగా ఇనుప తీగ ఉండదు. తీగ తెగితే కంటికి కనబడుతుంది. ఆయిల్‌తో పనిచేసేదానిలో తప్పు ఎక్కడుందో కనబడదు. అందుకే షెడ్డులో "క్లచ్ పోయిందండీ, గేర్‌బాక్సు దించాలి" అనగానే మనం తలూపి వచ్చేస్తాం. ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఏది నిజమో పది నిమిషాల్లో తేల్చుకునే పద్ధతి ఉంది. ఆ పద్ధతి మీకు అప్పజెప్పడమే నా ఉద్దేశం.

కాలి నుంచి ప్లేటు దాకా

క్లచ్ అనేది ఒక వస్తువు కాదు, మూడు భాగాలు.

మొదటిది పెడలు, దాని వెనక ఉండే మాస్టర్ సిలిండరు. పైన చిన్న ఆయిల్ డబ్బా ఉంటుంది. రెండోది అక్కడి నుంచి కిందికి వెళ్లే పైపు, రబ్బరు హోసు, చివర గేర్‌బాక్సు పక్కన బిగించిన స్లేవ్ సిలిండరు. మూడోది గేర్‌బాక్సుకీ ఇంజనుకీ మధ్య బెల్ హౌసింగ్ అనే గంట ఆకారపు తొడుగు లోపల దాగి ఉండే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, దాన్ని తోసే ఫోర్కు.

మొదటి రెండు భాగాలు బయటే ఉంటాయి. విప్పి బాగుచేయడానికి గేర్‌బాక్సు జోలికి పోనక్కరలేదు. మూడోదానికి మాత్రమే గేర్‌బాక్సు దించాలి. మొదటి రెండింటికీ అయ్యే ఖర్చు తరచు వందల్లో, మహా అయితే కొద్ది వేలల్లో తేలిపోతుంది. మూడోది సామాను, కూలి కలిపి అనేక వేలు. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇక పనిచేసే తీరు. మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులా సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశస్థుడు పాస్కల్ చెప్పాడు. మనం హైస్కూల్లో చదువుకున్నదే. ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. మాస్టర్ సిలిండరు వ్యాసం 16 మి.మీ., స్లేవ్ సిలిండరు వ్యాసం 20 మి.మీ. అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి సుమారు 1కి 1.56. పెడలు తులాదండం లాగా పనిచేసి బలాన్ని ఆరింతలు చేస్తుందనుకుందాం. కాలితో 10 కిలోల బలం పెడితే మాస్టర్ మీద 60 కిలోలు, స్లేవ్ దగ్గర సుమారు 94 కిలోలు అవుతుంది.

బలం పెరిగినప్పుడు కదలిక తగ్గాలి కదా. పెడలు 150 మి.మీ. కిందికి వెళితే మాస్టర్ పిస్టను 25 మి.మీ. కదులుతుంది, స్లేవ్ రాడ్డు 16 మి.మీ. బయటికి వస్తుంది. ఈ 16 మి.మీ.లోనే క్లచ్ పూర్తిగా విడిపోవాలి. ఆయిల్ మధ్య గాలి చేరి మాస్టర్ కదలికలో 6 మి.మీ. వృథా అయితే స్లేవ్ రాడ్డు 12 మి.మీ. మాత్రమే వస్తుంది. క్లచ్ సగమే విడుతుంది, గేరు కరకరలాడుతుంది. ప్లేటు కొత్తదైనా ఇంతే. కొత్త క్లచ్ సెట్టు వేయించుకున్నా బండి మళ్లీ అలాగే ఉందని వాపోయేవారిలో కొందరి కథ ఇదే.

ఆయిల్ అనే మాటతో వచ్చే చిక్కు

మనం "క్లచ్ ఆయిల్" అంటాం కానీ అందులో పోసేది బ్రేకు ఫ్లూయిడ్. అది ఇంజనాయిల్ జాతిది కాదు. పొరపాటున ఇంజనాయిలో, గేరాయిలో కొంచెం పోసినా లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. తర్వాత వాటిని మార్చడమే కాదు, పైపులన్నీ కడగాలి. కప్పుల్ని పెట్రోలుతో, కిరసనాయిలుతో, డీజిలుతో కడగడం కూడా ఇంత చేటే. వాటిని శుభ్రమైన బ్రేకు ఫ్లూయిడ్‌తోనే తడిపి బిగించాలి.

డబ్బా మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే కొనండి. డాట్ 5 అనే సిలికాన్ రకం వేరే జాతి, దీనితో కలపరాదు. బ్రేకు ఫ్లూయిడ్‌కు గాలిలోని చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు. 3.7 శాతం నీరు చేరితే ఆ కనీసం 140కి దిగుతుంది. అంతకంటే మనకు ముఖ్యమైనది, ఆ నీటి వల్ల సిలిండరు లోపలి గోడకు తుప్పు పట్టి గుంటలు పడటం. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉన్నవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి. రెండేళ్లకోసారి పాతది తీసి కొత్తది నింపిస్తే సిలిండర్లు ఎన్నో ఏళ్లు మన్నుతాయి. సీలు తీసి ఏళ్ల తరబడి అటక మీద పెట్టిన డబ్బాలోది వాడకండి. ఇది పెయింటును తినేస్తుంది. బానెట్టు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి.

పెడలు చెప్పే ఆరు మాటలు

ఒకటి: డబ్బాలో మట్టం తగ్గుతోంది. బ్రేకులో ప్యాడ్లు అరిగితే మట్టం కొంత తగ్గడం సహజం. క్లచ్‌లో అలా కాదు. ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టను వెనక్కి జరుగుతుంది, మట్టం కాస్త పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి క్లచ్‌కు విడిగా ఉన్న డబ్బాలో మట్టం తగ్గితే ఎక్కడో కారుతోందన్నమాటే. పెడలు పైభాగంలో రాడ్డు దగ్గర వేలు పెట్టి చూడండి. తడి తగిలినా, కాలి కింది మ్యాటు జిడ్డుగా ఉన్నా మాస్టర్ కారుతోంది. స్లేవ్ మీది రబ్బరు టోపీ ఎత్తితే లోపల తడి ఉంటే స్లేవ్ కారుతోంది. అవి రెండూ పొడిగా ఉంటే హోసు, పైపు జాయింట్లు చూడాలి. కొన్ని రకాల బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా ఉంటుంది. అటువంటి బండిలో మట్టం తగ్గితే అది బ్రేకు సంగతి కూడా కావచ్చు. ఆ బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

రెండు: మట్టం తగ్గలేదు, కానీ పెడలు నొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా కిందికి దిగిపోతోంది. సిగ్నలు దగ్గర గేరులో పెట్టి క్లచ్ నొక్కి ఉంచితే బండి తనంతట తాను ముందుకు జరగడం మొదలుపెడుతుంది. ఇది మాస్టర్ లోపలి కప్పు అరిగిన లక్షణం. ఆయిల్ బయటికి కారదు, లోపలే పక్కదారి పట్టి డబ్బాలోకి తిరిగిపోతుంది. బయటికి తడి కనబడదు కాబట్టి మాస్టర్‌ను ఎవరూ అనుమానించరు. ఎదుట రోడ్డు దాటే మనిషి ఉన్నప్పుడు బండి తనంతట కదిలితే ఏమవుతుందో ఆలోచించండి. దీన్ని వాయిదా వేయకూడదు.

మూడు: పెడలు స్పాంజిలాగా మెత్తగా ఉంది, రెండు మూడు సార్లు కొడితే గట్టిపడి గేరు పడుతోంది. ఆయిల్‌లో గాలి చేరింది. గాలి తీయించాలి. అయితే గాలి ఊరికే చేరదు. ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టకుండా తీస్తే నెలలోపు మళ్లీ వస్తుంది.

నాలుగు: పెడలు గట్టిగా, నిండుగా ఉంది, అయినా గేరు కరకరలాడుతోంది. ఇప్పుడు లోపలి భాగాన్ని అనుమానించాలి. ఫోర్కు వంగి ఉండవచ్చు, ప్రెషర్ ప్లేటు వేళ్లు అరిగి ఉండవచ్చు, ప్లేటు షాఫ్టు మీద బిగుసుకుని ఉండవచ్చు.

అయిదు: ఇంజను మోత పెరుగుతోంది, బండి వేగం పెరగడం లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. క్లచ్ జారుతోంది. ప్లేటు అరగడమో, ఇంజను వెనక సీలు నుంచి ఆయిల్ ప్లేటు మీద పడడమో సాధారణ కారణం. కానీ ఒక్కోసారి పాత హోసు లోపల ఉబ్బి ఆయిల్‌ను వెనక్కి రానివ్వదు. లేదా మాస్టర్ రాడ్డుకు ఉండవలసిన కాస్త సందు లేక, ఆయిల్ తిరిగి డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు కాలు తీసినా క్లచ్ సగం నొక్కినట్టే ఉండిపోతుంది. జారుతున్న సమయంలో బండి ఆపి, ఇంజను ఆపి, స్లేవ్ మీది గాలి తీసే నిపుల్ వదులు చేయమనండి. ఆయిల్ ఒత్తిడితో చిమ్మి, తర్వాత క్లచ్ మామూలుగా పట్టితే తప్పు ప్లేటుది కాదు, హోసుదో మాస్టర్‌దో.

ఆరు: చప్పుడు. పెడలు నొక్కినప్పుడు చప్పుడు వస్తే రిలీజ్ బేరింగును అనుమానించండి. న్యూట్రల్‌లో పెడలు వదిలినప్పుడు వచ్చి, నొక్కగానే ఆగిపోతే అది చాలావరకు గేర్‌బాక్సు ముందరి షాఫ్టు బేరింగు చప్పుడు. ఈ రెండింటికీ ఆయిల్ వ్యవస్థతో సంబంధం లేదు.

గేర్‌బాక్సు దించే ముందు ఒక్క కొలత

మన సభ్యులలో ఒకరు కాలం చేశాక వారి సతీమణి 2003 మోడల్ క్వాలిస్‌ను అమ్మకుండా ఉంచుకున్నారు. ఆసుపత్రికీ గుడికీ అదే ఆధారం, మేనల్లుడు నడుపుతాడు. సిగ్నలు దగ్గర బండి జరగడం మొదలైంది. ఒక షెడ్డులో క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఆమె ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఫ్యామిలీ పెన్షన్‌లో రెండు నెలల సొమ్ము అడుగుతున్నారు, ఏం చేయమంటారు?" అన్నారు. "చెల్లెమ్మా, బండి అక్కడే ఉండనీ, నేను వస్తున్నాను" అని వెళ్లాను. డబ్బాలో మట్టం సరిగానే ఉంది. పెడలు నొక్కి నిమిషం పట్టుకుంటే నేలకు దిగింది. స్లేవ్ రాడ్డు మొదట పూర్తిగా వచ్చి, పెడలు దిగుతున్నకొద్దీ వెనక్కి పోయింది. మాస్టర్ విప్పి చూస్తే గోడకు గుంటలు పడి ఉన్నాయి. కొత్త మాస్టర్ వేసి, గాలి తీసి, సాయంత్రానికి బండి ఇంటికి పంపించాం. గేర్‌బాక్సు ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ఆ షెడ్డువారు మోసగాళ్లని నేననను. కొలవకుండా చెప్పారు, అంతే. ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టుకోనక్కరలేదు కదా.

ఆ కొలత ఎలాగో చెబుతాను. ఇంజను ఆపాలి. హ్యాండ్‌బ్రేకు వేసి చక్రాలకు రాళ్లో దిమ్మెలో అడ్డం పెట్టాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరవద్దు. షెడ్డులో గుంట గానీ ర్యాంపు గానీ ఉంటే అక్కడే చేయించండి. ఒకరు పెడలు పూర్తిగా నొక్కాలి, మరొకరు స్కేలు పెట్టి స్లేవ్ రాడ్డు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చూడాలి. ఎంత కదలాలో బండి మాన్యువల్‌లోనో, ఆ రకం బండ్లు చేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ దగ్గరో తెలుస్తుంది. తర్వాత నొక్కి అలాగే ఒక నిమిషం ఉంచాలి. రాడ్డు వెనక్కి పోకూడదు.

రాడ్డు తక్కువ కదిలితే, లేదా వెనక్కి పోతే, తప్పు బయట ఉంది. నిండుగా కదిలి నిలబడితే తప్పు లోపల ఉంది, అప్పుడు గేర్‌బాక్సు దించమనండి. ఇది చేయడానికి స్కేలు, ఇద్దరు మనుషులు చాలు. "ముందు స్లేవ్ రాడ్డు కదలిక కొలిచి చూపించు బాబూ" అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ ఆ మాటకు సంతోషిస్తాడు.

బాగుచేసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. సిలిండరు గోడ నున్నగా ఉంటేనే రబ్బరు కిట్టు మార్చడం పనికొస్తుంది. వేలిగోరుకు తగిలేంత గుంటలుంటే సిలిండరే మార్చాలి, లేకపోతే కొత్త కప్పులు కొద్ది నెలల్లో చిరుగుతాయి. మాస్టర్, స్లేవ్, హోసు ముగ్గురూ ఒకే వయసువారు. ఒకటి పోయినప్పుడు మిగిలినవి కూడా విప్పి చూడటం మేలు. ఇక ఎప్పుడైనా నిజంగానే క్లచ్ ప్లేటు మార్పించవలసి వస్తే, స్లేవ్ సిలిండరు కూడా చూడమనండి. కొత్త ప్లేటు వేశాక లోపలి పిస్టను అంతకుముందు తిరిగినచోట కాక, తుప్పు పట్టిన మరో చోట తిరగడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా కారని స్లేవ్ ఆ తర్వాత కారుతుంది.

గాలి తీసేటప్పుడు నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి దాని కొస ఆయిల్ ఉన్న గాజుసీసాలో ముంచాలి. పెడలు నొక్కి పట్టుకుని నిపుల్ వదులు చేయాలి, బిగించాకే పెడలు వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలా చేయాలి. మధ్యలో పైన డబ్బా ఖాళీ కాకూడదు. సీసాలో పడిన ఆయిల్ మళ్లీ పోయకూడదు.

మూలపడి ఉన్న బండి

మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వస్తున్నారు. వచ్చేసరికి బ్యాటరీ దిగిపోవడం అందరికీ తెలుసు. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవడం కొందరికే తెలుసు. పెడలు చక్కగా ఉంటుంది, రాడ్డు నిండుగా కదులుతుంది, గేరు మాత్రం పడదు. దీనికి వెంటనే కొత్త ప్లేటు అక్కరలేదు. అనుభవం ఉన్న మెకానిక్ ఖాళీ స్థలంలో ఇంజను వేడెక్కించి విడదీయగలడు. అది ఇంటి ముందు మనం చేసే పని మాత్రం కాదు. వెళ్లేముందే నమ్మకమైనవారికి తాళం ఇచ్చి, వారానికోసారి పది కిలోమీటర్లు నడిపించి, క్లచ్ పదిసార్లు నొక్కి వదలమని చెబితే ఈ బాధే ఉండదు.

రోడ్డు మీద ఆగిపోతే

నడుస్తుండగా పెడలు నేలకు అతుక్కుపోతే కంగారు పడకండి. కాలితో పైకి లాగి రెండు మూడు సార్లు కొట్టి చూడండి. యాక్సిలరేటర్ తగ్గిస్తూ గేరును మెల్లగా న్యూట్రల్‌లోకి లాగవచ్చు. బ్రేకు వేసి పక్కకు ఆపండి. క్లచ్ లేకుండా గేర్లు వేస్తూ ఇల్లు చేరే నైపుణ్యం కొందరు డ్రైవర్లకు ఉంటుంది. మన వయసులో ఆ సాహసం వద్దు. రైల్వే గేటు మధ్య ఆగితే ముందు మనుషులందరూ దిగాలి, గేట్‌మన్‌కు చెప్పాలి. ఆ తర్వాతే బండి సంగతి. ఇంజను ఆపితే గేరు సులువుగా న్యూట్రల్‌కు వస్తుంది, నలుగురు కలిసి తోయవచ్చు.

చీటీల మీద వచ్చిన ప్రశ్నలు

పెడలు బరువై మోకాలు నొస్తోంది, ఏం చేయాలి అని ఒకరు రాశారు. ప్రెషర్ ప్లేటు వేళ్లు అరగడం, ఫోర్కు ఆధారం ఎండిపోవడం, పెడలు బుష్షులకు గ్రీజు లేకపోవడం కారణాలు. ముందు చవకైన గ్రీజుతో మొదలుపెట్టండి.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్‌లలో క్లచ్ పాడవకుండా ఎలా నడపాలి అని మరొకరు అడిగారు. ఎత్తులో ఆగినప్పుడు క్లచ్ మీద బండిని వేలాడదీయకుండా హ్యాండ్‌బ్రేకు వాడండి. నడిచేటప్పుడు ఎడమకాలు పెడలు మీద ఆనించి ఉంచకండి. సిగ్నలు దగ్గర న్యూట్రల్‌లో పెట్టి కాలు తీయండి.

ఇంత పాత బండికి ఖర్చు పెట్టడం దండగ కాదా అని మూడో ప్రశ్న. చాసిస్ తుప్పు పట్టి, బ్రేకులు, స్టీరింగు నమ్మకం తప్పితే ఆ బండిని వదులుకోవాలి, ఆ మాటలో మొహమాటం లేదు. కానీ ఒక రబ్బరు కప్పు పోయిందని బండినే తీసిపారేయనక్కరలేదు.

మిత్రులారా, ఈ మాటలన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. మట్టం చూడటం, పెడలు నిమిషం పట్టి చూడటం, స్లేవ్ రాడ్డు కొలిపించడం - ఈ మూడూ గుర్తుంచుకోండి. బండి ఉన్న ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ, నడిపే పిల్లలకూ ఇవి తెలిసి ఉండాలి. ఎవరికైనా అనుమానం వస్తే సంఘం ఆఫీసుకు రండి. మొదటి శనివారాల్లో నేనక్కడ ఉంటాను, స్కేలు నా దగ్గరే ఉంటుంది.